‘డేటా వేగం’ అనే అపప్రయోగం: దత్తాంశ ప్రవాహ పరిభాషలో అర్థసాంకర్యం

ప్రవేశిక

తెలుగులో సాంకేతిక పరిభాష గురించి మనం చేసే వాదాలు చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. ఇంగ్లీషు మాటను ఉన్నదున్నట్టు ఉంచాలా, సంస్కృత సమాసం కల్పించాలా, అచ్చతెలుగు మాట వెతకాలా? ఈ వాదంలో మాట పుట్టుక మీద పెట్టినంత శ్రద్ధను మాట మోయవలసిన భావం మీద మనం పెట్టలేదన్నది ఈ వ్యాసం చేసే ఆరోపణ. భావం స్థిరపడకుండా ఏ మాట తెచ్చినా అది పరిభాష కాదు, పలుకుబడి మాత్రమే. ఈ ఆరోపణకు నిదర్శనంగా ఒకే ఒక మాటను తీసుకుంటున్నాను. అది ‘డేటా వేగం’. దాని ఇంగ్లీషు రూపం ‘స్పీడు’, దాని ప్రమాణంగా చెలామణీ అయ్యే సంక్షిప్తం ‘ఎంబీపీఎస్’, దాని బంధువులు బాడ్, బ్యాండ్‌విడ్త్. ఇవి నాలుగూ మన వ్యాసాల్లో, పాఠాల్లో, పదకోశాల్లో ఒకదానికి బదులు మరొకటిగా వాడుకలో ఉన్నాయి. నిజానికి ఇవి నాలుగు వేరు వేరు విషయాలు.

ఇది కంప్యూటరు శాఖవారి గొడవ, తెలుగు శాఖకెందుకని అడిగేవారుంటారు. కొన్నేళ్ల కిందట ఈ వ్యాసకర్త పాల్గొన్న ఒక పనిలో తాళపత్రాల ఛాయాచిత్రాలను ఒక గ్రంథాలయం నుంచి మరొక చోటికి పంపవలసి వచ్చింది. మొత్తం 100 గిగాబైట్లు. లైను ‘100 ఎంబీ’ అన్నారు. 100 గిగాబైట్లను 100 మెగాబైట్లతో భాగించి, వెయ్యి సెకన్లు, అంటే 17 నిమిషాల లోపు పని, అని నేనే లెక్క వేసి చెప్పాను. అవతల ఒక పెద్దాయన గ్రంథాలయం మూసే వేళ దాటినా తాళం చెవితో కూర్చున్నారు. పని పూర్తి కావడానికి రెండు గంటలు దాటింది. లైనులో లోపమేమీ లేదు. అది సెకనుకు 100 మెగాబిట్ల లైను. ఒక బైటుకు 8 బిట్లు కనుక 100 గిగాబైట్లంటే 800 గిగాబిట్లు. వాటికి పట్టే కాలం 8,000 సెకన్లు, అంటే 2 గంటల 13 నిమిషాల 20 సెకన్లు. తప్పు యంత్రానిది కాదు, నా తెలుగుది. ఆనాటి నుంచి ఈ మాటల వెంట పడ్డాను.

వేగం, వడి, రేటు

తెలుగు మాధ్యమ భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు ఒక మంచి పని చేశాయి. దిశతో నిమిత్తం లేని చలనానికి ‘వడి’, దిశతో కూడిన చలనానికి ‘వేగం’ అని రెండు మాటలను వేరుచేసి నిలిపాయి. పల్లెటూరి బడిలో చదివిన పిల్లవాడికీ ఈ తేడా తెలుసు. రెండింటికీ ప్రమాణం ఒకటే. కాలానికి ఇంత దూరం, అంటే సెకనుకు ఇన్ని మీటర్లు. ఈ నిర్వచనాన్ని పట్టుకొని చూస్తే ‘సెకనుకు 100 మెగాబిట్లు’ అన్నది వేగమూ కాదు, వడీ కాదు. అందులో దూరమే లేదు. అది కాలానికి ఇంత పరిమాణం. అంటే అది ఒక రేటు.

ఈ భేదం కేవలం పాండిత్య చాదస్తం కాదని ఒక ఉదాహరణ చెబుతుంది. గాజు ఫైబరులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. 600 కిలోమీటర్ల ఫైబరును దాటడానికి దానికి సుమారు 3 మిల్లీసెకన్లు చాలు. సెకనుకు 10 మెగాబిట్ల లైనులోనైనా, 100 మెగాబిట్ల లైనులోనైనా ఈ 3 మిల్లీసెకన్లు మారవు. రెండింటిలోనూ సంకేతం వేగం ఒక్కటే. మారేది ఒక్కొక్క సెకనులో దాటే బిట్ల సంఖ్య.

దీనికి విపర్యయం కూడా ఉంది. భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సంకేతం పైకి వెళ్లి కిందికి రావడానికి దాదాపు పావు సెకను, ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి దాదాపు అర సెకను పడుతుంది. ఆ ఉపగ్రహం సెకనుకు ఎన్ని మెగాబిట్లు మోసినా ఈ జాప్యం తగ్గదు. అలాంటి లైను మీద సినిమా చక్కగా ఆడుతుంది, సంభాషణ తడబడుతుంది. ఆ లైను వేగవంతమా, నెమ్మదా? ‘డేటా వేగం’ అనే మాట మన చేతిలో ఉన్నంతకాలం ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం. బిట్‌రేటు ఎక్కువ, జాప్యమూ ఎక్కువ అని రెండు మాటల్లో చెప్పగలిగిన విషయాన్ని ఒకే మాట మింగేసింది.

లక్షణావృత్తి సమర్థన నిలుస్తుందా?

‘వేగం’ అన్నది ఇక్కడ గౌణప్రయోగం, సాహిత్య విద్యార్థులు దాన్ని తప్పుపట్టడం విడ్డూరం అని ఒక మిత్రుని ఆక్షేపణ. దీన్ని తేలికగా తీసుకోరాదు. మన అలంకార శాస్త్రం లక్షణకు మూడు నిబంధనలు పెట్టింది. ముఖ్యార్థానికి బాధ కలగాలి, ముఖ్యార్థంతో సంబంధం ఉండాలి, రూఢి గాని ప్రయోజనం గాని ఉండాలి. గంగలో గొల్లపల్లె అన్నప్పుడు నీటిలో పల్లె ఉండడం అసంభవం కనుక మనసు తీరం వైపు మళ్లుతుంది. ముఖ్యార్థం కుదరకపోవడమే అక్కడ పాఠకుణ్ణి కాపాడేది.

‘ఫైబరులో డేటా వేగం’ అన్నప్పుడు ముఖ్యార్థానికి ఏ బాధా లేదు. ఫైబరులో కదిలేది ఉంది, దానికి నిజంగానే వేగం ఉంది, దాన్ని సెకనుకు ఇన్ని కిలోమీటర్లని కొలుస్తారు కూడా. ముఖ్యార్థం పూర్తిగా కుదురుతున్న చోట లక్షణ పుట్టదు. పాఠకుడు అభిధలోనే నిలిచిపోతాడు, ఆ నిలిచిన అర్థం రచయిత ఉద్దేశించినది కాదు. కనుక శాస్త్రం ఈ ప్రయోగాన్ని సమర్థించదు, ఖండిస్తుంది. తార్కికుల భాషలో చెప్పాలంటే ఇది అతివ్యాప్తి దోషం. బిట్‌రేటుకు ఉద్దేశించిన మాట సంకేతం వేగానికి, జాప్యానికి కూడా వర్తించి లక్ష్యాన్ని దాటిపోయింది.

రూఢి మాటేమిటి? ‘స్పీడు’ రూఢమే, కాదనను. ఇంట్లో, బజారులో ‘నెట్ స్పీడు బాగాలేదు’ అనే వారిని సరిదిద్దడం నా ఉద్దేశం కాదు. ఆ వాక్యం తన పని తాను చేస్తోంది. రూఢి సంభాషణలో చెల్లుతుంది, నిర్వచనంలో చెల్లదు. నిర్వచించే చోట, అంటే పాఠ్యపుస్తకంలో, పదకోశంలో, పరిశోధన పత్రంలో, ఒప్పందంలో, అదే మాట కొలమానం పక్కన కూర్చుంటే అది అబద్ధమవుతుంది.

క్యూసెక్కు నేర్పిన పాఠం

తెలుగువారికి ఈ భేదం అలవాటు లేదనడం అన్యాయం. కృష్ణా గోదావరి తీరాల రైతును అడగండి. శ్రీశైలం జలాశయంలో నీరు ఎంత ఉందంటే టీఎంసీల్లో చెబుతాడు. ఎంత వస్తోందంటే క్యూసెక్కుల్లో చెబుతాడు. మన పత్రికలు దశాబ్దాలుగా ఈ రెంటినీ కలగలపకుండా రాస్తున్నాయి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అది రేటు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అది పరిమాణం. 11,574 క్యూసెక్కుల ప్రవాహం 24 గంటలు సాగితే దాదాపు ఒక టీఎంసీ అవుతుంది. ఈ లెక్క కాలువల కింద సేద్యం చేసేవారికి కొట్టిన పిండి.

ఇంతకన్నా ముఖ్యమైనది మరొకటి. ప్రకాశం బారేజీ నుంచి ఇన్ని క్యూసెక్కుల ‘వేగం’ వదిలారని ఏ విలేకరీ రాయడు. ప్రవాహం అంటాడు, వరద అంటాడు, ఇన్‌ఫ్లో అంటాడు. ఎందుకంటే నీటి వేగం వేరని, ప్రవాహం వేరని అతనికి తెలుసు. వెడల్పయిన కాలువలో నీరు నిదానంగా నడుస్తూనే ఇరుకు కాలువలో ఉరికే నీటికన్నా ఎక్కువ క్యూసెక్కులు మోస్తుంది. ప్రవాహమంటే కాలువ అడ్డుకోత వైశాల్యాన్ని నీటి వేగంతో గుణించగా వచ్చేది. వేగం అందులో ఒక భాగం మాత్రమే.

మెగాబైటు టీఎంసీ వంటిది, సెకనుకు మెగాబిట్టు క్యూసెక్కు వంటిది. నీటి విషయంలో ఇంత నిక్కచ్చిగా ఉన్న భాష దత్తాంశం విషయంలో ఇంత చిందరవందరగా ఎందుకయింది? నీటి పరిభాష పొలం దగ్గర, పంపకాల పోరులో, అవసరం కొద్దీ అర్థమై స్థిరపడింది. దత్తాంశ పరిభాష ప్రకటనల నుంచి నేరుగా మన పాఠాల్లోకి దిగింది. మధ్యలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఆ పట్టించుకోవలసినవారం మనమే.

బిట్, బైట్: లిపి తెచ్చిన చిక్కు

ఇప్పుడు సంక్షిప్తం సంగతి. ఇంగ్లీషు సాంకేతిక రచనలో బిట్టుకూ బైటుకూ సంక్షిప్తాల్లో ఉన్న తేడా ఒక్క అక్షరం పరిమాణం. చిన్నక్షరం ‘బి’ బిట్టు, పెద్దక్షరం ‘బి’ బైటు. ఆ రెండింటి మధ్య నిష్పత్తి ఒకటికి ఎనిమిది. తెలుగు లిపిలో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు. కనుక ‘ఎంబీపీఎస్’ అని తెలుగులో రాసిన క్షణంలోనే అది సెకనుకు మెగాబిట్లా, సెకనుకు మెగాబైట్లా అన్న సమాచారం నశిస్తుంది. ఆ తరువాత ఎంత నిపుణుడైన పాఠకుడైనా దాన్ని తిరిగి రాబట్టలేడు, సందర్భాన్ని బట్టి ఊహించాలి. ఇది రచయిత అజాగ్రత్త కాదు, లిప్యంతరీకరణలోనే ఉన్న లోపం. అక్షరాన్ని తెచ్చుకున్నాం, ఆ అక్షరం మోసిన భేదాన్ని సరిహద్దు అవతలే వదిలేశాం.

‘ఎం’ అక్షరం గోల కూడా ఉంది. మందుసీసా మీది ‘ఎంఎల్’లో అది మిల్లీ, అంటే వెయ్యింట ఒక వంతు. ‘ఎంబీ’లో అది మెగా, అంటే పది లక్షలు. ‘టీఎంసీ’లో అది మిలియన్. మూలంలో పెద్ద చిన్న అక్షరాలు కొంత కాపలా కాసేవి. మన దగ్గర ఆ కాపలా లేదు.

ఇక్కడ చరిత్రలోని ఒక చిన్న సంగతి మనకు పనికొస్తుంది. ‘బిట్’ అనే మాటను క్లాడ్ షానన్ 1948లో సమాచార సిద్ధాంతంపై వెలువరించిన వ్యాసంలో వాడి, దాన్ని సూచించినవాడు జాన్ టుకీ అని చెప్పాడు. ‘బైట్’ అనే మాటను 1956లో ఐబీఎం సంస్థలో స్ట్రెచ్ కంప్యూటరు రూపకల్పన జరుగుతున్నప్పుడు వెర్నర్ బుఖోల్ట్జ్ కల్పించాడు. ‘కొరుకుడు’ అనే అర్థమున్న ఇంగ్లీషు మాట నుంచి దాన్ని తీసుకుంటూ, వర్ణక్రమాన్ని కావాలని మార్చాడు. ఆ మాటను ఉన్నట్టే ఉంచితే, చివరి అక్షరం ఒకటి జారిపోగానే అది ‘బిట్’ అయిపోతుందని ఆయన భయం. అంటే ఈ రెండు మాటలూ కలిసిపోకూడదన్న జాగ్రత్త ‘బైట్’ పుట్టుకలోనే ఉంది. ఆ జాగ్రత్తతో పుట్టిన మాటను మనం తిరిగి ‘బీ’గా కుదించి, కల్పించినవాడు దేనికి భయపడ్డాడో దాన్నే చేస్తున్నాం.

విచిత్రమేమంటే పూర్తి మాటగా రాస్తే తెలుగు లిపి ఈ విషయంలో ఇంగ్లీషుకన్నా మెరుగు. ‘బిట్’లో గుడి, ‘బైట్’లో ఐత్వం. కంటికీ చెవికీ తేడా స్పష్టం. వర్ణక్రమం మార్చవలసిన అగత్యమే లేదు. మన లిపి బలం పూర్తి మాటలో ఉంది, మన బలహీనత అరువు తెచ్చుకున్న అక్షరాల పొడిమాటలో ఉంది. అయినా మనం బలహీనతనే ఎంచుకున్నాం.

ఇతర భాషలవారు చేతులు కట్టుకు కూర్చోలేదు. ఫ్రెంచివారు బైటును ‘ఒక్తె’ అంటారు, దానికి ‘ఓ’ అక్షరాన్ని సంక్షిప్తంగా వాడతారు. బిట్టును బిట్టుగానే ఉంచారు. కనుక వారి మెగాబైటు, మెగాబిట్టు సంక్షిప్తాలు పొరపాటున కూడా కలవవు. అరువు మాటను తోసిపుచ్చడమో నెత్తిన పెట్టుకోవడమో వారు చూడలేదు, రెండు భావాలు విడిగా నిలవాలని చూశారు.

ఇది పౌరుల హక్కుకు సంబంధించిన విషయం కూడా. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి ఉండవలసిన కనీస రేటు 2004 విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్లు, 2013లో 512 కిలోబిట్లు, 2023లో 2 మెగాబిట్లు. ఈ చివరి అంకెను తెలుగులో ‘2 ఎంబీ’ అని రాస్తే పాఠకుడు తనకు రావలసినదానికి ఎనిమిది రెట్లు ఆశిస్తాడు. ‘వంద ఎంబీ’ లైను పెట్టించుకొని, తెర మీద సెకనుకు 12 మెగాబైట్లు కనబడగానే మోసపోయానని వాపోయే వినియోగదారుడు నిజానికి మోసపోలేదు. నూరును ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నరే. నిజంగా తక్కువ అందుతున్నవాడు కూడా ఇదే గందరగోళంలో తన ఫిర్యాదును సరిగా రాయలేడు. కొలత పేరు తెలియనివాడు తూకంలో మోసాన్ని పట్టలేడు.

బాడ్: గణాలతో ఒక వివరణ

బాడ్ అన్నది ఫ్రెంచి టెలిగ్రాఫు ఇంజనీరు ఎమీల్ బోదో (1845–1903) పేరు మీద వచ్చిన ప్రమాణం. సెకనుకు ఎన్ని సంకేతాలు పంపామో అది చెబుతుంది. ఎన్ని బిట్లు పంపామో చెప్పదు. ఈ రెండూ ఒకటేనన్న అపోహ మన పదకోశ రచనలోనూ దొర్లుతుంది. ఛందస్సు చదివినవారికి ఈ భేదం క్షణంలో బోధపడుతుంది.

గురువు, లఘువు అనే రెండే గుర్తులున్నాయనుకోండి. వాటిని ఒక్కొక్కటిగా పలికితే ఒక పలుకుకు ఒక బిట్టు. దాని బదులు మూడక్షరాల గణం పేరు పలుకుదాం. య, మ, త, ర, జ, భ, న, స అని ఎనిమిది గణాలు, ఎందుకంటే మూడు స్థానాల్లో రెండేసి గుర్తుల ప్రస్తారం ఎనిమిది. ‘మ’ అనే ఒక్క పేరు గురువు, గురువు, గురువు అనే మూడు గుర్తులను మోస్తుంది. సెకనుకు ఒక గణం పేరు పలికితే అది 1 బాడ్, బిట్‌రేటు మాత్రం సెకనుకు 3 బిట్లు. చంపకమాల పాదాన్ని న, జ, భ, జ, జ, జ, ర అని ఏడు పేర్లలో చెప్పేస్తాం. ఏడు సంకేతాలు, 21 గురులఘువులు. ఏడింటిని లెక్కించేది బాడ్, ఇరవై ఒకటిని లెక్కించేది బిట్‌రేటు. (పద్యం చంపకమాల అని ముందే తెలిసినవారికి ఆ ఇరవై ఒకటిలో కొత్తగా తెలిసేదేమీ లేదన్నది షానన్ చెప్పిన మరో సత్యం. అది వేరే చర్చ.)

మోడెములు చేసినది సరిగ్గా ఇదే. తొలినాటి 300 బాడ్ మోడెములో ఒక సంకేతానికి ఒక బిట్టు కనుక రెండు అంకెలూ ఒకటే. సాంకర్యానికి బీజం అక్కడే పడింది. తరువాత వచ్చిన వి.22 బిస్ ప్రమాణంలో 16 రకాల సంకేతాలు, అంటే ఒక్కొక్కటి 4 బిట్లు మోస్తుంది. 600 బాడ్ మీద సెకనుకు 2,400 బిట్లు వెళతాయి. దాన్ని ‘2,400 బాడ్ మోడెం’ అనడం ఏడు గణాల పాదాన్ని ఇరవై ఒక్క గణాల పాదమనడం వంటిది. ఛందస్సులో అలాంటి తప్పు చేసిన విద్యార్థికి మనం సున్నా వేస్తాం.

‘బాడ్ రేటు’, ‘సెకనుకు ఇన్ని బాడ్లు’ అనేవి మరో దోషం. బాడ్‌లోనే సెకను ఉంది, క్యూసెక్కులో ఉన్నట్టే. ‘సెకనుకు ఇన్ని క్యూసెక్కులు’ అని ఎవరైనా అంటే నవ్వుతాం. ఇది ‘నడిసెంటరు’ వంటి పునరుక్తి. బజారులో ముచ్చటగానే ఉంటుంది, నిర్వచనంలో ఉండరాదు.

బ్యాండ్‌విడ్త్: వెడల్పు, ప్రవాహం

‘బ్యాండ్‌విడ్త్’ను కొందరు బిట్‌రేటుకు పర్యాయంగా వాడతారు, కొందరు ‘పట్టీ వెడల్పు’ అని ముక్కకు ముక్క తెచ్చి అదే అర్థంలో వాడతారు. రెండో పద్ధతి తెలుగుగా కనిపిస్తుంది కనుక మరింత ప్రమాదకరం. ఒక మార్గం ఏ పౌనఃపున్యం నుంచి ఏ పౌనఃపున్యం వరకు మోయగలదో ఆ అంతరమే దాని బ్యాండ్‌విడ్త్. దాని ప్రమాణం హెర్ట్జ్. అదే వెడల్పున్న మార్గంలో రొద తక్కువైతే బిట్‌రేటు పెంచవచ్చు, రొద ఎక్కువైతే తగ్గించాలి. వెడల్పు ఎంత, రొదతో పోలిస్తే సంకేతం ఎంత బలమైనది అన్న రెంటినీ బట్టి గరిష్ఠ బిట్‌రేటు ఎంతో 1948 నాటి షానన్ సూత్రం చెబుతుంది. మళ్లీ కాలువకే వద్దాం. కాలువ వెడల్పును అడుగుల్లో చెబుతాం, ప్రవాహాన్ని క్యూసెక్కుల్లో చెబుతాం. వెడల్పు ప్రవాహానికి ఒక కారణం, ప్రవాహమే కాదు. కారణాన్నీ కార్యాన్నీ ఒకే మాటతో పిలిస్తే ఆ రెంటి మధ్య సంబంధాన్ని చెప్పడానికి భాషలో చోటు మిగలదు. షానన్ సూత్రాన్ని తెలుగులో చెప్పబోయిన ఉపాధ్యాయుడు ‘బ్యాండ్‌విడ్త్ పెరిగితే బ్యాండ్‌విడ్త్ పెరుగుతుంది’ అనవలసి వస్తుంది.

రెండు ఆక్షేపణలు

మొదటిది గిడుగు పేరు మీద వచ్చేది. జనం పలికినదే భాష, దాన్ని దిద్దబోవడం గ్రాంథికవాదానికి మరో రూపం అంటారు. గిడుగు వెంకట రామమూర్తి పంతులు పోరాడింది శిష్టుల సజీవ భాషను రాతలోకి తేవడానికి. నిర్లక్ష్యాన్ని ఆమోదించడానికి కాదు. సవర భాషకు ఆయన చేసిన వ్యాకరణమూ (1931), నిఘంటువూ (1938) చూసినవారికి ఆయన దృష్టి ఎంత సూక్ష్మమో తెలుసు. ఒక ధ్వనికీ మరో ధ్వనికీ మధ్య ఉన్న భేదాన్ని లిపిలో పట్టుకోవడానికి శ్రమించిన మనిషి ఆయన. రెండు భావాల భేదాన్ని లిపిలో పోగొట్టుకొని ఆయన పేరు చెప్పుకోవడం సబబు కాదు. పైగా నేను కోరుతున్నది గ్రాంథికమూ కాదు, కొత్త సంస్కృత సమాసమూ కాదు. ‘బిట్’, ‘బైట్’ అనే వాడుక మాటలనే పూర్తిగా రాయమంటున్నాను.

రెండోది దానికి ఎదురు కొస నుంచి వస్తుంది. అన్నింటికీ తెలుగు మాటలు కల్పించాలి, బైటుకు ‘అష్టకం’ అనరాదా అంటారు. మాట ముచ్చటైనదే. కాని తెలుగువాడికి అష్టకమంటే ఎనిమిది శ్లోకాల స్తోత్రం. ఆ రూఢిని కాదని దీన్ని నిలబెట్టడానికి ఒక తరం పడుతుంది. అంతకన్నా ముఖ్యం, బైటుకు మాట మార్చినా ‘వేగం’ అక్కడే ఉంటే ‘సెకనుకు నూరు అష్టకాల వేగం’ అనే కొత్త తప్పు పుడుతుందే గాని పాత తప్పు పోదు. మాట మార్చితే భావం దానంతటదే చక్కబడుతుందన్నది పరిభాష నిర్మాతల పాత భ్రమ. ఇంగ్లీషు మాట ఉంచితే చాలు అర్థం దానంతటదే వస్తుందన్నది అవతలివారి భ్రమ. రెండూ ఒకే పొరపాటుకు రెండు ముఖాలు.

ప్రతిపాదనలు

ఖండించి ఊరుకోవడం న్యాయం కాదు కనుక, మన శాఖలు తమ పత్రికల్లో, సిద్ధాంత గ్రంథాల్లో, పదకోశాల్లో పాటించదగిన నియమాలు కొన్ని సూచిస్తున్నాను.

మొదటిది, కాలానికి ఇన్ని బిట్లు అన్న భావానికి ‘బిట్‌రేటు’ లేదా ‘దత్తాంశ ప్రవాహ రేటు’ అనాలి. ‘దత్తాంశం’ గణిత పాఠ్యపుస్తకాల్లో స్థిరపడినదే, ‘రేటు’ జనన మరణాల లెక్కలు మొదలు మనకు అలవాటైనదే. ‘వేగం’ను సెకనుకు ఇన్ని కిలోమీటర్లని చెప్పగలిగిన చోటే వాడాలి. సంకేతం రాకపోకలకు పట్టే కాలాన్ని ‘జాప్యం’ అనాలి.

రెండోది, ప్రమాణాన్ని పూర్తిగా రాయాలి. ‘సెకనుకు 100 మెగాబిట్లు’ అనాలి. చోటు చాలకపోతే ‘మె.బిట్లు’, ‘మె.బైట్లు’ అని కుదించవచ్చు. కుదింపు ‘మెగా’ దగ్గర జరగాలి గాని బిట్టు, బైటుల దగ్గర జరగరాదు. ‘ఎంబీ’, ‘ఎంబీపీఎస్’ పరిశోధన రచనలో త్యాజ్యాలు. ‘సెకనుకు’ అన్న మాటను వదిలేయడం అంతకన్నా పెద్ద దోషం. సెకను పోతే రేటు కాస్తా పరిమాణమవుతుంది.

మూడోది, కిలో అంటే వెయ్యి, మెగా అంటే పది లక్షలు అనే అర్థాన్నే పాటించాలి. జ్ఞాపకశక్తి కొలతల్లో 1,024 గుణిజాలు ఉద్దేశించినప్పుడు, అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘం 1998లో ఆమోదించిన కిబీ, మెబీ ఉపసర్గలను వాడి ఆ సంగతి చెప్పాలి.

నాలుగోది, ‘బాడ్’ సెకనుకు సంకేతాల సంఖ్యకే పరిమితం కావాలి. ‘బ్యాండ్‌విడ్త్’ను ‘పౌనఃపున్య పట్టీ వెడల్పు’ అన్నా, ఇంగ్లీషు మాటే ఉంచినా సరే, పక్కన హెర్ట్జ్ ఉండాలి. పక్కన బిట్లు కనిపిస్తే మాట తప్పయినా కావాలి, కొలతైనా తప్పు కావాలి.

ముగింపు

పదకోశంలో ఇంగ్లీషు మాటకు ఎదురుగా ఒక తెలుగు మాట రాసి గీత గీసేయడం పరిభాష నిర్మాణం కాదు. ఆ మాట పక్కన ఏ ప్రమాణం కూర్చుంటుంది, పొరుగు మాటలతో అది ఎక్కడ వేరుపడుతుంది, మన లిపిలో రాసినప్పుడు ఏ భేదం నిలుస్తుంది, ఏది జారిపోతుంది అన్న ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినప్పుడే అది పరిభాష. ఈ ప్రశ్నలు ఇంజనీర్లు అడగరు. వారి పని ఇంగ్లీషులో జరిగిపోతుంది. అడగవలసింది శబ్దార్థ వివేకాన్ని వృత్తిగా స్వీకరించిన తెలుగు శాఖలు. అభిధకూ లక్షణకూ, గణానికీ అక్షరానికీ మధ్య గీత గీయడం నేర్పేవారు బిట్టుకూ బైటుకూ మధ్య గీత చెరిగిపోతుంటే చూస్తూ ఊరుకోవడం తగదు.

ఆ రోజు చీకటిపడ్డాక తాళం చెవితో కూర్చున్న పెద్దాయన, ‘మీరు పావుగంటన్నారు కదండీ’ అన్నారు. ఆయనకు నేను చెప్పవలసిన సంజాయిషీ సాంకేతికమైనది కాదు. నేను వాడిన మాటకు అర్థం నాకే తెలియదన్నదే ఆ సంజాయిషీ.